పోయేటప్పుడు ఫిట్టు

నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి కువైట్‌కు బయల్దేరే మనిషికి ఒళ్ళంతా పరీక్ష జరిగేది చాలాసార్లు జీవితంలో ఆ ఒక్కసారే. చెన్నైలోనో హైదరాబాదులోనో గల్ఫ్ దేశాలు గుర్తించిన మెడికల్ సెంటరులో ఆ పని జరుగుతుంది. పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ గమ్కా అనే అంటారు. ఇప్పుడు దాని పేరు వాఫిద్. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి ఉన్నాయేమో చూస్తారు. షుగరు, బీపీ, కాలేయం, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, అన్నీ కాగితం మీదికెక్కుతాయి. చిన్నప్పుడెప్పుడో టీబీ వచ్చి మానినా, దాని మచ్చ ఊపిరితిత్తి మీద కనిపిస్తే 'అన్‌ఫిట్' పడొచ్చు. అప్పుడు పరీక్షల డబ్బూ పోతుంది, వీసా ఆశా పోతుంది. 'ఫిట్' అని వస్తే ఫైలు కదులుతుంది. ఆ తర్వాత పదేళ్ళో పదిహేనేళ్ళో ఎండలో, వంటింటి సెగలో, స్టీరింగు ముందు గడిపి అదే మనిషి చెన్నైలో విమానం దిగేటప్పుడు, క్రియాటినిన్ ఎంతకు పెరిగిందో అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. విమానాశ్రయంలో లేరు, ఊళ్ళోనూ లేరు.

ప్రవాసుల ఆరోగ్య బీమా మీద మాట్లాడాలంటే ఈ ఒంటిదారి పరీక్ష దగ్గర మొదలుపెట్టాలి. గట్టి ఒంటిని ఏరి తీసుకుపోవడానికి పకడ్బందీ ఏర్పాటుంది. ఆ ఒళ్ళు అరిగాక దాని ఖర్చు ఎవరు మోయాలన్న దగ్గర మాత్రం గల్ఫ్ సర్కారుకూ, యజమానికీ, ఢిల్లీకీ, అమరావతికీ తలా ఒక తప్పించుకునే దారి ఉంది. బీమాలు లేకపోలేదు, చాలానే ఉన్నాయి. అయితే ప్రతి ఒక్కటీ ఏదో ఒక కాగితానికి కట్టి ఉంది. ఒకటి అకామా అనే గల్ఫ్ నివాస అనుమతికి, ఒకటి పాస్‌పోర్టు రకానికి, ఇంకొకటి రైస్ కార్డుకు. మనిషి ఒక కాగితం నుంచి ఇంకో కాగితంలోకి మారే సందులోనే జబ్బు పడతాడు. అందుకే ప్రవాసి బీమా అకామాతో పుట్టి అకామాతో చావకూడదనీ, మనిషి వెంట వెళ్ళి మనిషి వెంటే తిరిగి రావాలనీ ఈ వ్యాసం అంటోంది.

నెల్లూరు అనగానే వరిమళ్ళు, చేపల చెరువులు గుర్తొచ్చేవాళ్ళకు పడమటి మెట్ట తెలియదు. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు ఒకవైపు. ఆత్మకూరు చుట్టూ మర్రిపాడు, అనంతసాగరం, చేజర్ల, అనుమసముద్రంపేట ఇంకోవైపు. సోమశిల డ్యామ్ అనంతసాగరం మండలంలోనే ఉన్నా పెన్న నీళ్ళకు మొదటినుంచీ తూర్పు డెల్టా మీదే మక్కువ. మెట్టలో బోరు వేస్తే పడేది చాలాచోట్ల ఫ్లోరైడు నీళ్ళు. ఉదయగిరి దుర్గం కొండ మీది కర్రతో చెక్కే కొయ్య చెంచాలకు పేరైతే ఉంది, ఆ పేరుతో ఇల్లు గడవదు. కొండ దాటితే కడప జిల్లా బద్వేలు, ఆ పక్కన రాజంపేట, రాయచోటి. కువైట్ దారి వాళ్ళదీ వీళ్ళదీ ఒకటే. మగవాళ్ళు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, వంటవాళ్ళుగా పోతారు. ఆడవాళ్ళు ఇంటిపనికి పోతారు. "మావోడు కువైట్‌లో ఉండాడు" అంటే ఆ ఇంట్లో అప్పు తీరుతోందనో, కొత్త అప్పు పుట్టిందనో అర్థం.

అక్కడ వైద్యం బాగానే ఉంటుంది కదా అనే మాట ముందుగా వస్తుంది. కొట్టిపారేయాల్సిన మాట కాదిది. కువైట్‌లో ప్రతి పేటకూ ప్రభుత్వ క్లినిక్కు ఉంది. విదేశీయుల ఆరోగ్య బీమాకు అక్కడ 1999లోనే చట్టం చేశారు. అకామా కొట్టాలంటే ముందు ఆ బీమా రుసుము కట్టాలి. చాలాకాలం ఏడాదికి 50 దినార్లున్న రుసుమును 2025 డిసెంబరులో 100 చేశారు. సౌదీ కూడా 1999లోనే సహకార ఆరోగ్య బీమా చట్టం తెచ్చి, ఖర్చు యజమాని నెత్తిన పెట్టింది. అబుదాబి 2005లో, దుబాయ్ 2013లో చట్టాలు చేశాయి. మిగతా ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుంచి ఏడాదికి 320 దిర్హాముల కనీస బీమా లేకుండా ప్రైవేటు ఉద్యోగికీ, ఇంటి పనిమనిషికీ వీసా రావడం లేదు. కాగితం మీద చూస్తే మన దేశంలో రోజుకూలీకి లేని భద్రత ఇది. మెట్టలో పల్లె మనిషికి రాత్రిపూట గుండెనొప్పి వస్తే నెల్లూరు చేరడానికి ఉదయగిరి నుంచి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. కువైట్ సిటీలో అయితే పది నిమిషాల్లో అంబులెన్సు.

కానీ ఆ బీమా లోపలికి వెళ్ళి చూడాలి. కువైట్‌లో 2017లో విదేశీయుల ఆసుపత్రి రుసుములు పెంచారు. 2022 డిసెంబరు నుంచి క్లినిక్కులోనూ ఎమర్జెన్సీలోనూ మందులకు విడిగా 5 దినార్లు, స్పెషలిస్టు దగ్గరైతే 10 దినార్లు అన్నారు. ప్రైవేటు రంగంలో కనీస జీతం నెలకు 75 దినార్లు, అంటే రోజుకు రెండున్నర. జ్వరం మాత్రలకు రెండు రోజుల కూలి, గుండె డాక్టరు రాసిన మందులకు నాలుగు రోజుల కూలి పోతుంది. ఇంత ఇచ్చి బీపీ బిళ్ళలు ఎవరు కొంటారు? ఊరినుంచి వచ్చేవాళ్ళ సంచిలో ఆవకాయ సీసా పక్కన ఆరు నెలల బిళ్ళలు పెట్టి పంపుతారు. సంచి రావడం ఆలస్యమైతే బిళ్ళ ఆగుతుంది. బీపీకి ఆ సంగతి తెలియదు.

రుసుముకంటే పెద్ద చిక్కు అకామా. కంపెనీ వీసాను మనవాళ్ళు షూన్ వీసా అంటారు, ఇంటిపని వీసాను ఖాదీం వీసా అంటారు. ఈ రెండింటికీ మధ్య ఆజాద్ వీసా అని ఒకటి నడుస్తుంది. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, పేరు ఒకటి, పని ఇంకోచోట. అలాంటివాడు బీమా డబ్బు తనే కట్టుకుంటాడు, కఫీల్‌కు ఏటా ఇంత అని కూడా ఇచ్చుకుంటాడు. కఫీల్‌తో చెడితే అకామా పోతుంది, అకామాతో బీమా పోతుంది. ఆ మనిషిని ఖల్లివెల్లి అంటారు. దొరికితే జైలు, తర్వాత విమానం. అతను ఆసుపత్రి గడప తొక్కాలంటే జబ్బుకంటే పోలీసుకే ఎక్కువ భయపడాలి. కువైట్ 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా ఇలాంటివాళ్ళు వరసల్లో నిలబడ్డారు. పాస్‌పోర్టు బదులు ఇచ్చే అవుట్‌పాస్ మీద వచ్చినవాడికి అక్కడి బీమా లేదు. ఇక్కడి బీమా ఇంకా మొదలు కాలేదు.

ఈ సందు పూడ్చడానికే మన ప్రభుత్వం 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన తెచ్చింది. 2017లో సవరించాక రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం. నలుగురు కూర్చుని తినే బిరియానీకి ఇంతకంటే ఎక్కువవుతుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ఆసుపత్రి ఖర్చుకు లక్ష. అయితే ఇది తప్పనిసరి అయింది వలస తనిఖీ అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకే, అంటే ప్రధానంగా పదో తరగతి పాస్ కానివాళ్ళకు, అదీ జాబితాలోని దేశాలకు పోయేటప్పుడు. పది పాసైన డ్రైవరుది ఆ తనిఖీ అక్కర్లేని ఈసీఎన్ఆర్. అతను చదువుకున్నాడు కాబట్టి తనను తాను చూసుకోగలడని 1983 నాటి వలస చట్టం అనుకుంది. ఆత్మకూరులో పది పాసైనవాడూ తప్పినవాడూ కువైట్‌లో ఒకే గదిలో పడుకుంటారు, ఒకే ఎండలో తిరుగుతారు. పది పాసైనందుకు ఒకడికి రక్షణ తగ్గింది. చదువుకు ఇలాంటి శిక్ష ఇంకెక్కడా చూడం.

అసలు మెలిక చావు దగ్గర ఉంది. మనిషి అక్కడ పోతే ముందు అరబ్బీలో మరణ ధ్రువపత్రం వస్తుంది. దానికి అనువాదం, రాయబార కార్యాలయం అనుమతి, ఎంబామింగ్, కార్గో బుకింగ్, చివరికి చెన్నై విమానాశ్రయం కార్గో గేటు దగ్గర అంబులెన్సు. ఆ పత్రంలో మరణ కారణం అని ఒక గడి ఉంటుంది. అందులో పడే ఒక్క మాట మీద 10 లక్షలు వేలాడతాయి. ప్రమాదం అని ఉంటే వస్తాయి. సహజ మరణం, గుండె ఆగింది అని ఉంటే రావు. గుండె ఆగకుండా చనిపోయినవాడు లోకంలో ఎవడూ లేడు. అది మరణానికి వర్ణనే తప్ప కారణం కాదు. వలస కార్మికుల మీద పనిచేసే కొన్ని సంస్థలు కలిసి 2022లో వెలువరించిన వైటల్ సైన్స్ నివేదిక, దక్షిణ, ఆగ్నేయాసియా నుంచి వెళ్ళినవాళ్ళు ఏటా 10 వేలమంది దాకా గల్ఫ్‌లో చనిపోతున్నారనీ, సగానికి పైగా మరణాలకు సరైన కారణం నమోదు కావడం లేదనీ చెప్పింది. ఖతార్‌లో 2009 నుంచి 2017 దాకా గుండె సంబంధమైన కారణాలతో చనిపోయిన 571 మంది నేపాలీల లెక్కలను ఎండ లెక్కలతో కలిపి చూసిన పరిశోధకులు, వేడినుంచి కాపాడి ఉంటే 200 మంది దాకా బతికేవారని 2019లో తేల్చారు.

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న నమోదైన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ తర్వాత ధ్రువీకరించింది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిషేధం అక్కడ ఉంది. పది గంటలకూ, నాలుగున్నరకూ ఎండ దయ చూపదు. వంటింట్లో పొయ్యి ముందు నిలబడే మనిషికి ఆ నిషేధంతో పనే లేదు. అలాంటి ఎండలో ఏళ్ళ తరబడి అరిగిన గుండె ఆగితే మన బీమా దృష్టిలో అది ఎవరి తప్పూ కాని సహజ మరణం. పరంజా మీదినుంచి పడి చనిపోయినవాడి కుటుంబానికి 10 లక్షలు, పరంజా కింద కుప్పకూలినవాడి కుటుంబానికి సున్నా. ఇందులో న్యాయం ఏమిటో బీమా కంపెనీ కూడా చెప్పలేదు, నిబంధన మాత్రం చెప్పగలదు.

సహజ మరణానికి బీమా ఇస్తే ప్రీమియం భారమవుతుందని ఢిల్లీలో అనొచ్చు. ఫిలిప్పీన్స్ 2010లోనే ఆ పని చేసింది. ఏజెన్సీ ద్వారా పోయే ప్రతి కార్మికుడికీ తప్పనిసరి బీమా ఉండాలనీ, ప్రీమియం కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదనీ చట్టం చేసింది. ప్రమాద మరణానికి కనీసం 15 వేల డాలర్లు, సహజ మరణానికి కనీసం 10 వేల డాలర్లు. తేడా పెట్టింది గానీ సున్నా చేయలేదు. ఇంత దూరం ఎందుకు, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మన రాష్ట్రంలో పేద ప్రవాసి కుటుంబానికి రాష్ట్ర ప్రవాసుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ద్వారా అందుతూ వచ్చింది 50 వేలు. విమానాశ్రయం నుంచి ఊరిదాకా ఉచిత అంబులెన్సు ఉంది, ప్రవాసాంధ్ర భరోసా అనే బీమా ఉంది. మంచివే. అంబులెన్సును మెచ్చుకోవాల్సిందే, కాకపోతే అది మనిషి పోయాక వచ్చే సాయం.

బతికి వచ్చినవాడి సంగతి ఇంకా చిక్కు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. ఉంది, ఈ వాదనకు అన్నిటికంటే గట్టి అభ్యంతరం అదే. 2007 ఏప్రిల్‌లో మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఈ పథకం పరిమితి 2023 చివరలో 25 లక్షలకు పెరిగింది. పాత జబ్బులకు వేచి ఉండాల్సిన పని లేదు. గుండె ఆపరేషనైనా డయాలసిస్ అయినా దీని కింద జరుగుతాయి. కువైట్‌నుంచి పాడైన కిడ్నీలతో వచ్చినవాడిని నెల్లూరులో కాపాడేది నిజంగా ఇదే. డయాలసిస్ రోగికి నెలకు 10 వేల పింఛను కూడా రాష్ట్రమే ఇస్తోంది. మరి ఇంకేం కావాలి?

ఆ ప్రశ్నను తిప్పి చూడండి. ఏరి, పరీక్షించి, 'ఫిట్' ముద్ర వేయించుకుని తీసుకుపోయిన శరీరం అక్కడ పదేళ్ళు పనిచేసింది. దాని లాభం కంపెనీకీ కఫీల్‌కూ వెళ్ళింది. ఆ పదేళ్ళూ అక్కడ ఏటా బీమా రుసుము కట్టారు. జబ్బు బయటపడి అకామా పోగానే ఆ రుసుములన్నీ అక్కడే ఆగిపోయాయి. డయాలసిస్ బిల్లు ఆంధ్రప్రదేశ్ ఖజానాకు వచ్చింది. గల్ఫ్ బీమా ప్రీమియం వసూలు చేసింది యవ్వనానికి, ఆరోగ్యశ్రీ చెల్లిస్తున్నది ముదిరిన జబ్బుకు. పైగా ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకు. జబ్బును మొదట్లోనే ఆపే బీపీ బిళ్ళ, షుగరు పరీక్ష దాని పరిధిలో గట్టిగా లేవు. మనిషి కువైట్‌లో ఉన్నంతకాలం ఎలాగూ అది పలకదు. కిడ్నీ పూర్తిగా పోయాక ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉన్న వ్యవస్థ, పోకముందు చూడటానికి సిద్ధంగా లేదు. దీన్ని ప్రజారోగ్యం అనడం కంటే ఖరీదైన ఆలస్యం అనడం సరిపోతుంది.

ఉద్యోగానికి కట్టిన బీమా గల్ఫ్ ఒక్కదాని జబ్బు కాదు. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న ఇదే ఆత్మకూరు పిల్లవాడికీ ఉద్యోగం పోతే బీమా పోతుంది. కాని అక్కడ కోబ్రా అని ఒక చట్టం ఉంది, 1980ల నాటిది. ఉద్యోగం పోయినా పూర్తి ప్రీమియం, పైన రెండు శాతం కట్టుకుంటే సాధారణంగా 18 నెలలు పాత బీమాలోనే ఉండవచ్చు. ఖరీదైనదే, చాలామంది కట్టలేరు. అయినా ఉద్యోగం ఊడినరోజే మనిషికి రోగాలు రావడం ఆగదన్న ఇంగితం ఆ చట్టంలో ఉంది. బీమా లేక దివాలా తీసేవాళ్ళున్న దేశమే ఆ మాత్రం ఆలోచించింది.

బీమా కంపెనీల అభ్యంతరం వేరు. తిరిగొచ్చినవాడు జబ్బుతో వస్తాడు, ముందే ఉన్న జబ్బుకు బీమా ఎలా ఇస్తాం అంటాయి. మామూలు పాలసీలో అలాంటి జబ్బుకు మూడేళ్ళ దాకా వేచి ఉండేలా పెట్టుకోవచ్చని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన మార్చింది. అంతకుముందు నాలుగేళ్ళు. నలభై అయిదేళ్ళకు చెడిన క్రియాటినిన్‌తో వచ్చినవాడికి మూడేళ్ళు చాలా పొడుగు. ఇక్కడే వాఫిద్ కాగితం పనికొస్తుంది. బయల్దేరిన రోజున అతని కిడ్నీలు, కాలేయం, షుగరు ఎలా ఉన్నాయో గల్ఫ్ దేశాలు ఒప్పుకున్న సెంటరే రాసిచ్చింది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ బీమా కంపెనీకీ దొరకదు. ఆ రోజే పాలసీ మొదలైతే, తర్వాత వచ్చిన జబ్బు ముందే ఉన్నది ఎలా అవుతుంది? బయల్దేరే రోజున కట్టించుకునే బీమాను తిరిగొచ్చాక ఒకటి రెండేళ్ళ దాకా సాగేలా రాస్తే, ఈ అభ్యంతరం అక్కడికక్కడే పోతుంది.

ఇది జరిగే పనేనా అంటే, కేరళ వైపు చూడాలి. నోర్కా కేర్ పేరుతో 2025లో ఆ రాష్ట్రం ప్రవాసులకు సామూహిక బీమా పెట్టింది. 5 లక్షల వైద్యం, 10 లక్షల ప్రమాద బీమా. ఒక్కరికి 8,101 రూపాయలు, భార్యాభర్తలకూ ఇద్దరు పిల్లలకూ కలిపి 13,411. ముందే ఉన్న జబ్బులనూ కలుపుకున్నారు. వేలమందిని ఒక గంపలో పోస్తే ఒకరి జబ్బు ఇంకొకరి ఆరోగ్యంతో సర్దుకుపోతుందన్నదే సామూహిక బీమా లెక్క. ఆ కేరళ కూడా తిరిగొచ్చినవాళ్ళను మొదట బయట పెట్టింది, ఆ సంగతి హైకోర్టు దాకా వెళ్ళింది. అంటే అంత తెలివైన రాష్ట్రానికీ అదే గుడ్డిచోటు. ఇంకో సంగతి, 13 వేలు మెట్ట మనిషికి ఎక్కువే. కానీ వీసాకు లక్షల్లో అప్పు చేస్తున్న చేతికి, అందులో ఒక వాటా రాష్ట్రం భరిస్తే, ఏజెంటు రసీదులోనే ఇంకో గీత గీయిస్తే, మోయలేనిది కాదు. ఇప్పుడు 1983 చట్టం స్థానంలో కొత్త చట్టానికి కేంద్రం ముసాయిదా పెట్టింది. ఈసీఆర్, ఈసీఎన్ఆర్ తేడా లేకుండా బీమా, సహజ మరణానికీ పరిహారం, తిరిగొచ్చాక కొంతకాలం కొనసాగింపు, ఈ మూడూ అందులో రాయించడానికి మన ఎంపీలకు ఇంతకంటే మంచి సమయం రాదు.

ఇక అన్నిటికంటే నిజమైన అభ్యంతరం కార్మికుడిది. "జబ్బని తెలిస్తే పంపించేస్తారు, తెలియకపోతేనే మేలు" అన్న భయం. బీమా ఎంత ఉన్నా ఈ భయాన్ని అది తీర్చలేదు, ఒప్పుకోవాలి. అకామా రెన్యూవల్‌కు ముప్పు అనుకున్నంతకాలం అక్కడి క్లినిక్కులో ఎవడూ గుండెనొప్పి పేరెత్తడు. అందుకే పరీక్ష అక్కడ కాకుండా ఇక్కడ, సెలవులో జరగాలి. రెండేళ్ళకోసారి వచ్చే ఆ నెలా రెండు నెలల్లో మనవాళ్ళు చేసే పనులు చూడండి. చెల్లెలి పెళ్ళి, ఇంటి స్లాబు, పొలం రిజిస్ట్రేషను, అనుమసముద్రంపేట దర్గాకు మొక్కు. దర్గాకు ఏటా ఎంతోమంది తమవాళ్ళ జబ్బులు చెప్పుకోవడానికి వస్తారు. తన ఒంటి సంగతి తనకే తెలియనివాడు అక్కడ ఏం చెప్పుకుంటాడు? ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రుల్లో సెలవు మీద వచ్చినవాళ్ళకోసం వారంలో ఒక పూట కేటాయిస్తే చాలు. రక్తపోటు, పరగడుపు షుగరు, క్రియాటినిన్, ఒక ఈసీజీ. ఫలితం కఫీల్‌కూ పోదు, ఏజెంటుకూ పోదు. పాత వాఫిద్ కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి, క్రియాటినిన్ 0.9 నుంచి 1.6కు ఎందుకు జరిగిందో డాక్టరు అడుగుతాడు. నీళ్ళు ఎంత తాగుతున్నావు, నొప్పి బిళ్ళలు ఎన్ని మింగుతున్నావు అంటాడు. తిరుగు టికెట్టుకు ఇంకా ఇరవై రోజులుంటాయి.